ఆమ్లజని, హరితం, అయాన్: క్రియాశీల మూలకాల నామకరణ చరిత్ర – తెలుగు పరిభాష

ప్రస్తావన

హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి తెలుగులో ‘ఉదజహరికామ్లం’ అనే పేరు ఉంది. ఉదజనీ హరితమూ కలిసి ఏర్పడిన ఆమ్లమని దాని అర్థం. హైడ్రోజన్‌ను ఉదజని అని, క్లోరిన్‌ను హరితం అని వ్యవహరించిన పరిభాషే ఆక్సిజన్‌ను ‘ఆమ్లజని’ అన్నది. ఆమ్లాన్ని పుట్టించేది ఆమ్లజని. అయితే ఉదజహరికామ్లంలో ఉదజని ఉంది, హరితం ఉంది. ఆమ్లజని మాత్రం లేదు. పుట్టించేది లేకుండానే ఆమ్లం పుట్టింది. ఒకే పరిభాషకు చెందిన రెండు పదాలు ఈ విధంగా పరస్పరం ఖండించుకుంటున్నాయి.

దీనిని తెలుగు పరిభాషాకర్తల అజాగ్రత్తగా భావించడానికి వీలులేదు. ఐరోపా రసాయనశాస్త్రంలో 18వ శతాబ్ది చివర మొదలై 19వ శతాబ్ది తొలి దశాబ్దాల దాకా సాగిన ఒక వివాదంలో ‘ఆక్సిజన్’ ఒక పక్షం పెట్టిన పేరు, ‘క్లోరిన్’ దాని ప్రతిపక్షం పెట్టిన పేరు. ఆ వివాదం ముగిసిన తర్వాత రెండు పేర్లూ శాస్త్రంలో పక్కపక్కనే నిలిచాయి. తెలుగు ఆ రెండింటినీ అర్థంతో సహా అనువదించుకున్నది. గ్రీకు ధాతువుల వెనుక మరుగునపడి ఉన్న వైరుధ్యం అనువాదంలో బయటపడింది.

తెలుగులో శాస్త్ర పరిభాషను గురించిన చర్చ చాలాకాలంగా సంస్కృత సమాసాలా, ఆంగ్ల పదాలా అనే ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది. ఈ ప్రశ్న పదం ఏ భాష నుండి వచ్చిందని అడుగుతుందే గాని, పదం లోపల ఏమున్నదని అడగదు. ఒక శాస్త్రనామం వస్తువు గుణాన్ని చెప్పవచ్చు, లేదా ఆ వస్తువును గురించి ఒక కాలంలో ప్రచారంలో ఉన్న సిద్ధాంతాన్ని చెప్పవచ్చు. గుణాన్ని చెప్పే పేరు సిద్ధాంతం మారినా చెక్కుచెదరదు. సిద్ధాంతాన్ని చెప్పే పేరు ఆ సిద్ధాంతంతోపాటే పాతబడుతుంది. క్షారలోహాలు, హాలోజన్లు అనే రెండు అత్యంత క్రియాశీల మూలక కుటుంబాల నామకరణ చరిత్రను, వాటి చర్యలకు మూలమైన అయాన్ అనే భావన చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. క్షారం: బూడిద నుండి లోహం వరకు

రసాయనశాస్త్ర పదాలలో భారతీయ భాషలకు కొత్తగా కల్పించుకోవలసిన అవసరం లేకపోయిన వాటిలో ‘క్షారం’ ఒకటి. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో క్షారాన్ని తయారుచేసే విధానానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మొక్కలను కాల్చిన బూడిదను నీటిలో కలిపి, వడకట్టి, కాల్చిన సున్నపు పదార్థాలను చేర్చి కాచడం, సిద్ధమైన క్షారాన్ని ఇనుప పాత్రలో భద్రపరచడం అందులో కనిపిస్తాయి. క్షారాలను మృదు, మధ్యమ, తీక్ష్ణ భేదాలతో విభజించడం కూడా అక్కడే ఉంది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయనశాస్త్ర చరిత్రను గురించి రాసిన గ్రంథం మొదటి సంపుటంలో, 1902లో, ఈ విధానాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. మృదు క్షారానికీ దాహక క్షారానికీ ఉన్న భేదానికి కారణం ఒక వాయువేనని, దానిని నేడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నామని, ఐరోపాలో జోసెఫ్ బ్లాక్ 1756లో నిరూపించాడు.

తెలుగులో క్షార శబ్దానికి వికృతి ‘కారం’. సురేకారం, వెలిగారం వంటి ద్రవ్యనామాలలో వినిపించేది ఆ పదమే. చాకలివారు బట్టలకు వాడిన చౌడుమన్ను, వైద్యులు వాడిన యవక్షారం, సర్జక్షారం ఈ పదార్థాల లోకానుభవాన్ని చూపుతాయి. ఆంగ్లంలోని ‘ఆల్కలీ’ అరబ్బీ పదం. దానికీ మూలార్థం మొక్కల బూడిదే. ‘పొటాష్’ అంటే కుండలో కాచిన బూడిద. మూడు భాషలూ పరస్పర సంబంధం లేకుండానే ఈ పదార్థానికి దాని ఉత్పత్తి విధానాన్నో, స్పర్శనో, రుచినో ఆధారం చేసుకుని పేర్లు పెట్టుకున్నాయి. లోపల ఏమున్నదో తెలియని కాలంలో ఏర్పడిన పేర్లు కాబట్టే లోపలి సంగతి తెలిసిన తర్వాత కూడా అవి చెల్లుతున్నాయి.

లోపల ఏమున్నదన్న ప్రశ్నను స్పష్టంగా వేసినవాడు అంటోయిన్ లావోయిజే. 1789లో ప్రకటించిన రసాయనశాస్త్ర గ్రంథంలో అతడు 33 సరళ పదార్థాల పట్టికను ఇచ్చాడు. సున్నం, మెగ్నీషియా వంటివి ఆ పట్టికలో ఉన్నాయి గాని పొటాష్, సోడా లేవు. అవి సంయోగ పదార్థాలై ఉంటాయని అతడు అనుమానించాడు. అనుమానం సరైనదే, నిరూపించే సాధనం అప్పటికి లేదు. 1794లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం అతనికి శిరచ్ఛేదం విధించింది. 1800లో అలెస్సాండ్రో వోల్టా ప్రకటించిన విద్యుత్ ఘటమాల ఆ సాధనాన్ని అందించింది. అదే సంవత్సరం నికల్సన్, కార్లైల్ విద్యుత్తుతో నీటిని విడగొట్టారు.

1807 అక్టోబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ కాస్త చెమ్మ తగిలిన పొటాష్ గుండా బలమైన విద్యుత్తును పంపాడు. పాదరసపు బొట్ల వంటి చిన్న గోళాలు ఏర్పడి, కొన్ని వెంటనే మండిపోయాయి. ఆ సంతోషంలో డేవీ గదిలో గంతులు వేశాడని అతని బంధువు, సహాయకుడు అయిన ఎడ్మండ్ డేవీ చెప్పిన సంగతి ప్రసిద్ధం. కొద్దిరోజుల్లోనే సోడా నుండి మరో లోహం బయటపడింది. పొటాషియం, సోడియం అనే పేర్లు ఆ విధంగా ఏర్పడ్డాయి. మరుసటి సంవత్సరం కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం కూడా విద్యుత్ మార్గంలోనే వేరయ్యాయి.

ఇక్కడ నామకరణానికి సంబంధించిన ఒక సమస్య తలెత్తింది. లోహమంటే బరువైనదని అనాదిగా ఉన్న భావన. పొటాషియం సాంద్రత 0.86, సోడియం సాంద్రత 0.97, రెండూ నీటిపై తేలుతాయి. నీటిపై తేలేదాన్ని లోహమనవచ్చునా? మెరుపు, విద్యుద్వాహకత వంటి గుణాలన్నీ లోహానివే కాబట్టి బరువు ఒక్కదాన్నే బట్టి వీటిని లోహవర్గం నుండి తొలగించరాదని డేవీ నిర్ణయించాడు. అందుకే ఆ పేర్లకు లాటిన్‌లో లోహాలకు చెల్లే ‘-ఇయం’ అనే ప్రత్యయాన్ని చేర్చాడు. తెలుగులోని ‘క్షారలోహాలు’ అనే సమాసంలో ఈ చరిత్ర అంతా ఇమిడి ఉంది. బూడిద నుండి వచ్చిన పాత పదం ఒకటి, డేవీ తీర్పు వల్ల విస్తరించిన పదం మరొకటి. రెండూ గుణవాచకాలే కాబట్టి ఈ సమాసం నేటికీ నిర్దుష్టం.

2. ఆమ్లజని: సిద్ధాంతమే పేరైనప్పుడు

1787లో గీటన్ ద మోర్వో, లావోయిజే, బెర్తొలే, ఫూర్‌క్రువా కలిసి కొత్త రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించారు. పదార్థం పేరు దాని నిర్మాణాన్ని తెలపాలన్నది వారి ఆదర్శం. నేటి రసాయనశాస్త్ర భాషకు పునాది అదే. అయితే నిర్మాణాన్ని గురించి తప్పుగా తెలిసినప్పుడు పేరు కూడా ఆ తప్పునే స్థిరపరుస్తుంది. గంధకం, భాస్వరం, కర్బనం మండినప్పుడు ఏర్పడే పదార్థాలు నీటితో ఆమ్లాలను ఇస్తాయి. మండడంలో చేరేది ఆక్సిజనే. కాబట్టి ఆమ్లాలన్నింటికీ ఆమ్లత్వాన్ని ఇచ్చేది ఇదేనని లావోయిజే నిర్ధారించి, గ్రీకు ధాతువులతో దానికి ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే పేరు పెట్టాడు.

ఈ నిర్ధారణకు ఉప్పు నుండి వచ్చే మ్యూరియాటిక్ ఆమ్లం అడ్డుతగిలింది. దానిలో ఆక్సిజన్ ఉన్నట్లు ఎవరూ చూపలేకపోయారు. అయినా సిద్ధాంతం ప్రకారం ఉండి తీరాలి కాబట్టి, ఆక్సిజన్ తెలియని ఒక మూలంతో గాఢంగా కలిసి ఉందని భావించి, ‘మ్యూరియాటిక్ మూలం’ అనే పేరును లావోయిజే తన మూలకాల పట్టికలోనే చేర్చాడు. ఎవరూ చూడని పదార్థానికి పట్టికలో చోటు దొరికింది. 1774లో కార్ల్ షీలే పైరొలుసైట్‌ను ఈ ఆమ్లంతో కలిపి పసుపుపచ్చని ఘాటైన వాయువును పొందాడు. లావోయిజే వర్గం దానిని మ్యూరియాటిక్ ఆమ్లానికి మరింత ఆక్సిజన్ చేరగా ఏర్పడిన ‘ఆక్సీమ్యూరియాటిక్ ఆమ్లం’గా వ్యాఖ్యానించింది.

డేవీ ఆ వాయువులో బొగ్గును తీవ్రంగా వేడిచేసి చూశాడు. ఆక్సిజన్ ఉంటే బొగ్గుతో కలిసి బయటికి రావాలి, రాలేదు. అంతకుముందే గేలుస్సాక్, తెనార్ కూడా ఇటువంటి ప్రయోగాలే చేసి, అది మూలకం కావచ్చునన్న అవకాశాన్ని పేర్కొన్నా లావోయిజే సిద్ధాంతాన్ని విడిచిపెట్టడానికి సాహసించలేదు. 1810లో డేవీ దానిని మూలకంగా ప్రకటించాడు. ఆ సందర్భంలో పేరును గురించి అతడు తీసుకున్న వైఖరి ఈ వ్యాసానికి ముఖ్యం. ‘ఆక్సీమ్యూరియాటిక్ ఆమ్లం’ అనే పేరులో మూడు భాగాలుంటే, అందులో ఆక్సిజన్ లేదు, మ్యూరియాటిక్ మూలమనేదే లేదు, అది ఆమ్లమూ కాదు. మళ్లీ ఒక సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని పేరు పెడితే మళ్లీ ఇదే గతి పట్టవచ్చు. అందువల్ల కంటికి స్పష్టంగా కనిపించే రంగును మాత్రమే ఆధారం చేసుకుని, పసుపుపచ్చనిదని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ‘క్లోరిన్’ అనే పేరును రూపొందించాడు. పేరు విషయంలో సిద్ధాంతాన్ని బుద్ధిపూర్వకంగా పక్కనపెట్టిన సందర్భం ఇది. బెర్జీలియస్ వంటి ప్రముఖుడు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు లావోయిజే పక్షాన్నే నిలిచాడు. చివరికి అతడూ డేవీ నిర్ణయాన్ని అంగీకరించాడు.

తర్వాత వచ్చిన పేర్లు డేవీ మార్గాన్నే అనుసరించాయి. 1811లో సముద్రపు నాచు బూడిదతో పనిచేస్తున్న సురేకారపు ఉత్పత్తిదారుడు బెర్నార్ కూర్త్వా చూసిన ఊదారంగు ఆవిరి అయోడిన్‌కు పేరైంది. 1826లో మోంపెలియేలో ఉప్పుమడుల నీటి నుండి బలార్ వేరుచేసిన ఎర్రని ద్రవం దుర్వాసన వల్ల బ్రోమిన్ అయింది. ఈ ముగ్గురు తోబుట్టువులనూ కలిపి చెప్పే ‘హాలోజన్’ అనే పదాన్ని 1811లో ష్వైగర్ మొదట క్లోరిన్‌కే ప్రతిపాదించాడు. బెర్జీలియస్ తర్వాత దానిని కుటుంబ నామంగా చేశాడు. లవణాన్ని పుట్టించేదని దాని అర్థం.

ఆక్సిజన్, హాలోజన్ రెండూ ‘పుట్టించేది’ అనే అర్థమున్న పేర్లే. మొదటిది తప్పింది, రెండవది నిలిచింది. మొదటిది ఆమ్లాలన్నింటికీ ఒకే కారణమున్నదని చెప్పే సిద్ధాంతం. రెండవది ఈ మూలకాలు లోహాలతో కలిస్తే లవణాలు వస్తాయని చెప్పే పరిశీలన. రూపం ఒకటే అయినా ప్రతిజ్ఞ వేరు. పదాన్ని తెలిగించేవారు గమనించవలసింది ఈ భేదాన్నే.

3. అయాన్: సిద్ధాంతానికి లొంగని పేరు

విద్యుత్తు లవణాలను విడగొడుతుందని డేవీ చూపాడు. విడిపోయిన భాగాలు విద్యుత్ ధ్రువాల వైపు ఎందుకు, ఎలా ప్రయాణిస్తాయన్నది అతని శిష్యుడు మైకేల్ ఫారడే చేపట్టిన ప్రశ్న. 1830ల ప్రారంభంలో ఫారడేకు భాషే ఒక ఆటంకమైంది. ‘ధ్రువం’ అనే పదం ఆ చోటు అయస్కాంతంలాగా ఆకర్షిస్తుందన్న అర్థాన్ని ముందే చెప్పేస్తుంది. ఫారడే అందుకు అంగీకరించలేదు. విద్యుత్తు ఒక ప్రవాహమా, రెండు ప్రవాహాలా, ఏ దిశలో సాగుతుందనే విషయాలు కూడా అప్పటికి తేలలేదు.

1834లో అతడు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు చెందిన విలియం హ్యూయెల్ సలహా కోరాడు. ప్రవేశం, నిర్గమనం అనే అర్థాలనిచ్చే గ్రీకు పదాలను, తూర్పు పడమరలను సూచించే ఆంగ్ల పదాలను కూడా ఫారడే అంతకుముందు ఆలోచించాడు. హ్యూయెల్ ఆనోడ్, కాథోడ్ అనే పదాలను సూచించాడు. పైకి వెళ్లే దారి, కిందికి వెళ్లే దారి అని వాటి అర్థాలు. భూమి అయస్కాంతత్వానికి కారణమైన ప్రవాహం ఒకటి ఉందనుకుంటే అది సూర్యగమనంలాగా తూర్పు నుండి పడమరకు సాగాలి. పరీక్షించే ద్రావణాన్ని ఆ దిశలో ఉంచినట్లు ఊహిస్తే ఒక కొస పొద్దుపొడుపు వైపు, మరొక కొస పొద్దుగుంకు వైపు ఉంటాయి. ఆ రెండు దారుల వెంట ప్రయాణించేవి ఆనయాన్, కాటయాన్. రెండింటికీ సామాన్య నామం అయాన్, అంటే ‘వెళ్లేది’. విద్యుత్తు స్వభావాన్ని గురించిన అభిప్రాయాలు రేపు మారినా ఈ పేర్లు గందరగోళం కలిగించవన్నదే ఫారడే వాటిని ఎంచుకోవడానికి కారణం.

అతని దూరదృష్టిని కాలం పరీక్షించింది. విద్యుత్తు ప్రవహించినప్పుడే అయాన్లు ఏర్పడతాయన్నది ఫారడే నాటి భావన. ఉప్పు నీటిలో కరిగినప్పుడే, విద్యుత్తు ఏదీ లేకుండానే అయాన్లుగా విడిపోతుందని స్వాంటే అర్హీనియస్ 1880లలో వాదించాడు. ఈ భావనల బీజాలున్న అతని 1884 నాటి సిద్ధాంత వ్యాసానికి ఉప్సాలా విశ్వవిద్యాలయం తక్కువ శ్రేణినే ఇచ్చింది. ఉప్పునీటిలో సోడియం విడిగా ఉంటే నీరు భగ్గుమనదేం, క్లోరిన్ విడిగా ఉంటే పచ్చరంగు, ఘాటు ఏవి అన్నది ఆనాటి ప్రధాన ఆక్షేపణ. పరమాణువు వేరు, అయాన్ వేరు అన్నదే దానికి సమాధానం. 1903లో అర్హీనియస్‌కు నోబెల్ బహుమతి లభించింది. అతని సిద్ధాంతానికి లొంగని బలమైన విద్యుద్విశ్లేష్యాల సమస్యను 1918లో జ్ఞానచంద్ర ఘోష్ చేపట్టాడు. అవి పూర్తిగా అయాన్లుగానే ఉంటాయన్న భావనతో అతడు చేసిన ప్రతిపాదన, 1923లో డిబై, హ్యుకెల్ సిద్ధాంతం వచ్చేవరకు చర్చలో నిలిచింది.

1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటికాన్ని పరిశీలించగా మరో విశేషం తెలిసింది. ఘనరూపంలోని ఉప్పులో కూడా సోడియం క్లోరైడ్ అనే జంట అణువు లేదు. సోడియం, క్లోరిన్ చదరంగపు గళ్లలాగా ఒకదాని పక్కన ఒకటి అన్ని దిశలా పరుచుకుని ఉన్నాయి. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వృద్ధ రసాయనజ్ఞుడు 1927లో కూడా ఈ చదరంగపు ఉప్పును ఎగతాళి చేస్తూ రాశాడు. అయినా ఫారడే పదం మారలేదు. ‘వెళ్లేది’ అని పేరున్న అయాన్ స్ఫటికంలో కదలకుండా ఉన్నా పేరుకు భంగం రాలేదు, ఎందుకంటే ఆ పదం నిర్మాణాన్ని గురించి ఏమీ వాగ్దానం చేయలేదు. వీలు చిక్కితే వెళ్తుందని మాత్రమే చెప్పింది, కరిగిస్తే వెళ్తుంది.

తెలుగు ‘అయాన్’ను యథాతథంగా గ్రహించింది. ఆనోడ్‌ను ‘ధనధ్రువం’గా తెలిగించినచోట మాత్రం రెండు చిక్కులు ఏర్పడతాయి. ఒకటి, ఫారడే తిరస్కరించిన ‘ధ్రువం’ మళ్లీ ప్రవేశిస్తుంది. రెండు, విద్యుద్విశ్లేషణ ఘటంలో ఆనోడ్ ధనాత్మకమే గాని, విద్యుత్తును ఉత్పత్తి చేసే ఘటంలో అది ఋణాత్మకం. ‘ఋణాత్మకమైన ధనధ్రువం’ అని చెప్పవలసివస్తే తప్పు విద్యార్థిది కాదు, పదానిది.

4. ధనం, ఋణం: కాకతాళీయమైన ఔచిత్యం

అనువాదం ప్రతిసారీ నష్టమే కలిగిస్తుందని భావించనక్కరలేదు. ‘ధన’, ‘ఋణ’ పదాలు ఇందుకు చక్కని ఉదాహరణ. 18వ శతాబ్ది మధ్యలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తులో ఒక పక్షాన్ని అధికం, మరొక పక్షాన్ని న్యూనం అన్నాడు. ఏది అధికమన్నది అతని ఊహ మాత్రమే. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించినప్పుడు, అసలు కదిలే కణం ఫ్రాంక్లిన్ న్యూనమన్న పక్షానిదని తేలింది. అందువల్ల ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న సోడియం ధనాత్మకమవుతుంది, దాన్ని పొందిన క్లోరిన్ ఋణాత్మకమవుతుంది. పోగొట్టుకున్నది ‘అధికం’ కావడం, పొందినది ‘న్యూనం’ కావడం ఆంగ్లంలో చదివేవారికి విడ్డూరంగానే తోస్తుంది.

సంస్కృత గణిత సంప్రదాయంలో ధనం అంటే ఆస్తి, ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధన, ఋణ, శూన్య రాశుల గణిత నియమాలను చెప్పాడు. శూన్యం నుండి ఋణాన్ని తీసివేస్తే ధనం వస్తుందన్నది వాటిలో ఒకటి. సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు ఉండటం వల్ల దాని మొత్తం ఆవేశం శూన్యం. దాని నుండి ఒక ఎలక్ట్రాన్‌ను, అంటే ఒక ఋణాన్ని, తీసివేస్తే మిగిలేది ధనం. బ్రహ్మగుప్తుని నియమం అక్షరాలా వర్తిస్తుంది. లోకవ్యవహారం కూడా దీనికి అనుకూలంగానే ఉంది. అమరకోశం అప్పు ఇచ్చినవాడిని ఉత్తమర్ణుడని, పుచ్చుకున్నవాడిని అధమర్ణుడని జంటగా చెప్పింది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చిన సోడియం ధనపక్షం, పుచ్చుకున్న క్లోరిన్ ఋణపక్షం. ఆంగ్లపదాల కన్న తెలుగు పదాలు ఇక్కడ విషయాన్ని సులభంగా అందిస్తాయి. ఈ సౌలభ్యాన్ని తెలుగు పాఠ్యరచన తగినంతగా వాడుకోవలసి ఉంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి కారణాన్ని 1916లో వాల్టర్ కోసెల్, గిల్బర్ట్ లూయిస్ వేర్వేరుగా వివరించారు. సోడియం ఎలక్ట్రాన్లు 2, 8, 1 చొప్పున, క్లోరిన్ ఎలక్ట్రాన్లు 2, 8, 7 చొప్పున అమరి ఉంటాయి. చివరి ఒక్కటి పోతే సోడియానికి నియాన్ అమరిక, ఒక్కటి చేరితే క్లోరిన్‌కు ఆర్గాన్ అమరిక సిద్ధిస్తాయి. రెండు కుటుంబాలూ అత్యంత క్రియాశీలం కావడానికి స్థిరత్వానికి ఒక్క అడుగు దూరంలోనే ఉండటం ప్రధాన కారణం. ఆ అడుగు వేసిన తర్వాత రెండూ శాంతిస్తాయి. నీటిలో వేస్తే మండే సోడియం, ఊపిరితిత్తులను దహించే క్లోరిన్ అయాన్లుగా మారి కూరలో ఉప్పవుతాయి. రోగికి ‘సోడియం తగ్గింది’ అని నేటి వైద్య వ్యవహారంలో చెప్పేది ఈ శాంతించిన అయాన్‌ను గురించే. పేరు ఒకటే, వస్తుస్వభావం వేరు. అర్హీనియస్‌ను ఆక్షేపించినవారు తడబడింది ఇక్కడే. నేటి విద్యార్థి తడబడేదీ ఇక్కడే.

5. గుంటూరు నుండి జడవాయువుల వరకు

సిద్ధాంతం పేరులోకి చొరబడిన మరో ఘట్టానికి తెలుగునేలతో సంబంధం ఉంది. 1860, 1861లలో బున్సెన్, కిర్చాఫ్ వర్ణపట విశ్లేషణతో రెండు కొత్త క్షారలోహాలను గుర్తించి, వాటి రేఖల రంగులను బట్టి ఆకాశనీలమని సీజియం, గాఢమైన ఎరుపని రుబీడియం అనే పేర్లు పెట్టారు. అదే సాధనంతో 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పియెర్ జాన్సెన్, మచిలీపట్నంలో నార్మన్ పోగ్సన్ పరిశీలించారు. సూర్యుని అంచున లేచే జ్వాలలలో కనిపించిన పసుపు రేఖ సోడియం రేఖలకు చాలా దగ్గరగా ఉంది. సోడియం జంటరేఖలు దాదాపు 589 నానోమీటర్ల వద్ద ఉంటే ఇది 587.6 వద్ద ఉంది. ఇది సోడియం కాదని, భూమిపై తెలియని మూలకానిదని ఆ తర్వాత నార్మన్ లాకియర్ భావించాడు. అది లోహమే అయివుంటుందన్న ఊహతో, సూర్యునికి గ్రీకులో ఉన్న పేరుకు డేవీ లోహాలకు వాడిన ‘-ఇయం’ చేరి ‘హీలియం’ అయింది. 1895లో రామ్సే భూమిపై దానిని పొందినప్పుడు అది లోహం కాదని, రసాయన చర్యలకు లొంగని వాయువని తేలింది. ఆర్గాన్, నియాన్, క్రిప్టాన్, జెనాన్ అనే తోబుట్టువుల మధ్య హీలియం ఒక్కటే లోహ ప్రత్యయాన్ని మోస్తూ మిగిలింది.

ఈ కుటుంబానికి తెలుగు పెట్టుకున్న పేరు ‘జడవాయువులు’. దేనితోనూ కలవవన్న నమ్మకమే ఆ పేరు. 1962లో నీల్ బార్ట్‌లెట్ జెనాన్‌ను ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో కలిపి ఘనసమ్మేళనాన్ని పొందడంతో ఆ నమ్మకం పోయింది. జడత్వాన్ని భంగపరచిన సమ్మేళనంలో ఉన్నది హాలోజన్లన్నింటిలో అత్యంత క్రియాశీలమైన ఫ్లోరిన్. తర్వాతి తెలుగు పాఠ్యపుస్తకాలు ‘ఉత్కృష్ట వాయువులు’ అనే పేరును స్వీకరించాయి. ఇతర పదార్థాలతో సులభంగా కలవనివని స్వభావాన్ని సూచించే పేరు అది. ఎప్పటికీ కలవవని శాసించదు. తెలుగు పరిభాష తనను తాను సరిదిద్దుకోగలదనడానికి ఇది నిదర్శనం.

6. తెలుగు పరిభాషకు ఈ చరిత్ర చెప్పేది

1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతుల కృషితో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథ ప్రచురణకు దారితీసింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యగ్రంథాల ద్వారా పరిభాషను స్థిరపరచింది. మొదటి తరం ఆమ్లజని, ఉదజని, నత్రజని వంటి అనువాదాల వైపు మొగ్గితే, తర్వాతి తరం మూలకాల పేర్లను ఆక్సిజన్, హైడ్రోజన్ అని యథాతథంగా గ్రహించి, వర్గనామాలను, ప్రక్రియానామాలను క్షారలోహాలు, విద్యుద్విశ్లేషణ అని తెలుగులో నిలిపింది. ఈ మార్పును మాతృభాష వెనుకంజగా భావించేవారున్నారు. పై చరిత్రను బట్టి చూస్తే అందులో ఒక వివేకం కనిపిస్తుంది.

దీనికి ఒక ప్రత్యాక్షేపణ ఉంది. జర్మన్ భాషలో ఆక్సిజన్‌కు నేటికీ ‘పులుపు పదార్థం’ అనే అర్థమిచ్చే దేశీయ పదమే వాడుకలో ఉంది. దానివల్ల జర్మన్ రసాయనశాస్త్రానికి నష్టం కలగలేదు. బెంగాలీ కూడా అమ్లజాన్, ఉదజాన్ వంటి పదాలను కల్పించుకున్నది. నిజమే. తరతరాల వాడుకలో వ్యుత్పత్తి మరుగునపడి పదం కేవలం సంకేతమైపోతుంది. రూఢి యోగాన్ని జయిస్తుందన్న మన శాబ్దికుల మాట ఇక్కడ వర్తిస్తుంది. అయితే రూఢి కావడానికి కాలం, విస్తృతమైన వాడుక కావాలి. కొత్తగా కల్పించిన పదాన్ని చదువరి యోగార్థంతోనే గ్రహిస్తాడు. ‘ఆక్సిజన్’ అన్నప్పుడు తెలుగు విద్యార్థికి గ్రీకు ధాతువులు వినిపించవు. ‘ఆమ్లజని’ అన్నప్పుడు ఆమ్లమూ జననమూ రెండూ వినిపిస్తాయి. మూలభాషలో నిద్రిస్తున్న సిద్ధాంతాన్ని అనువాదం మేల్కొలుపుతుంది.

కాబట్టి ఏ పదాన్ని తెలిగించాలో, ఏ పదాన్ని యథాతథంగా ఉంచాలో నిర్ణయించడానికి భాషాభిమానం ఒక్కటే చాలదు. మూలపదం గుణాన్ని చెబుతున్నదా, సిద్ధాంతాన్ని చెబుతున్నదా అన్నది మొదట చూడాలి. గుణాన్ని చెబితే నిర్భయంగా అనువదించవచ్చు, హరితం అటువంటిది. సిద్ధాంతాన్ని చెబితే ఆ సిద్ధాంతం నేడు నిలిచి ఉన్నదో లేదో విచారించాలి. ఉదజని నిలిచింది, ఆమ్లజని నిలవలేదు. తెలుగులో అప్పటికే ఉన్న పదానికి స్వీయసంప్రదాయం నుండి వచ్చిన అర్థబలం ఉంటే దానిని వదులుకోకూడదు. క్షారం, ధనం, ఋణం అటువంటివి. మూలకర్త కావాలనే తటస్థంగా ఉంచిన పదానికి అనువాదంలో కొత్త వాగ్దానాన్ని తగిలించకూడదు; అయాన్, ఆనోడ్ అటువంటివి.

ఉపసంహారం

బూడిద, పచ్చరంగు, దుర్వాసన, పొద్దుపొడుపు దారి: క్రియాశీల మూలకాల శాస్త్రంలో నిలిచిన పేర్లలో ఎక్కువ భాగం ఇంత సామాన్యమైన అనుభవాల నుండి వచ్చినవే. మూలకాల అంతస్సారాన్ని పట్టి చెప్పబోయిన పేర్లే పొరపాటును మోసుకుని మిగిలాయి. లావోయిజే అనుమానించి పట్టిక నుండి వదిలివేసిన క్షారాల విషయంలో అతని మౌనం సరైనదైంది. నిశ్చయించి పేరుపెట్టిన ఆక్సిజన్ విషయంలో అతని వాక్కు తప్పింది.

శాస్త్ర పరిభాష కల్పన తెలుగులో ఎక్కువగా ఒకపక్క శాస్త్రవేత్తలకు, మరొకపక్క భాషావేత్తలకు అప్పగించబడుతూ వచ్చింది. పదం పుట్టిన వివాదం ఏమిటో తెలిసిన చరిత్రదృష్టి ఆ ఇద్దరికీ అవసరం. ఉదజహరికామ్లాన్ని, ఆమ్లజనిని ఒకే పుటలో చదివిన విద్యార్థి ‘ఇందులో ఆమ్లజని ఏది?’ అని అడిగితే, ఆ ప్రశ్న 1810లో డేవీ వేసిన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పగలిగిన పాఠ్యపుస్తకం రసాయనశాస్త్రాన్నీ, దాని చరిత్రనూ, తెలుగు పదాల నడకనూ ఒకేచోట బోధించినదవుతుంది.